మంత్రిగారూ, పాత పట్నంలో ఆ తాళం తీయించండి

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారం. పాత పట్నంలో తాళం వేసి ఉన్న మరుగుదొడ్డి విషయం మీద మీ కార్యాలయానికి తమిళంలో మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి 'పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చింది. రెండోదానికి ఏ జవాబూ రాలేదు. మూడోదానికి 'సమస్య పరిష్కరించడమైనది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, దాంతోపాటు ఒక మరుగుదొడ్డి ఫొటో కూడా పంపారు. ఆ ఫొటోలో ఉన్నది నేను రాసిన వీధి కాదండీ. నేను రాసిన చోట తలుపు ఆకుపచ్చగా ఉంటుంది, ఫొటోలో నీలం తలుపు ఉంది. ఆ మెసేజ్ చూసుకుని ఆదివారం ఆశగా వెళ్లాను. పాత తాళమే, అలాగే ఉంది.

అందుకే ఈసారి నా భాషలో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. మీ దగ్గర తెలుగు చదివి చెప్పేవాళ్లు తప్పకుండా ఉంటారు. చెన్నపట్నంలో తెలుగుకి కొదవ ఎప్పుడూ లేదు.

నేను పెరంబూరులో ఉంటాను. స్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరై నాలుగేళ్లయింది. మూడేళ్లుగా, వీలైన ప్రతి ఆదివారం ఉదయం, ఒక్కదాన్నే మన పాత పట్నం జార్జి టౌన్‌లో నడుస్తున్నాను. ఒక్కదానివే ఎందుకు అని మా చెల్లెలు అడుగుతూనే ఉంటుంది. గుంపుతో వెళ్తే గుంపు ఆగిన చోట ఆగాలి, గుంపు కదిలితే కదలాలి. ఒక పాత ఇంటి అరుగు ముందు పావుగంట నిలబడి ఆ చెక్క స్తంభం మీద చెక్కిన చిలకలు లెక్కపెట్టాలంటే ఒంటరిగానే వెళ్లాలి. ఆదివారమే ఎందుకంటే మిగతా రోజుల్లో ఆ వీధుల్లో తోపుడు బండ్లు, మూటలు మోసేవాళ్లు, స్కూటర్ల మధ్య తలెత్తి పైఅంతస్తు చూసే వీలుండదు. ఆండర్సన్ వీధిలో పెళ్లికార్డుల కొట్లు, గోడౌన్ వీధిలో బట్టల కొట్లు మూసి ఉన్నప్పుడే వాటి పైనున్న పాత కిటికీలు కనబడతాయి.

పాత పట్నం చరిత్ర చూస్తూ నడిచేవాళ్ల కోసం మీరు చేపట్టిన నడకదారి పనుల గురించి మీకు నేను చెప్పేదేముంది, ఫైలు మీ దగ్గరే ఉంది. బోర్డులు, బెంచీలు, మరుగుదొడ్లు అని మూడూ కలిపే చెప్పారు. బోర్డులు కొన్ని వచ్చాయి, సంతోషం. బెంచీల సంగతి ఇప్పుడు అడగను, ఏదో ఒక గుడి మెట్ల మీద కూర్చుంటాను. నేను అడిగేది మూడోదాని గురించే.

నా నడక ఎలా సాగుతుందో చెప్తాను, అప్పుడు మీకు అర్థమవుతుంది. ఆరున్నరకి హైకోర్టు మెట్రో దగ్గర పైకి వస్తాను. హైకోర్టు ప్రహరీకి ఎమ్డెన్ ఫలకం ఉంది కదా, 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక పేల్చిన గుండు తగిలిన చోటు, ముందు అక్కడ ఆగుతాను. తర్వాత పారీస్ కార్నర్ దగ్గర 1773 నాటి ఎస్ప్లనేడ్, అంటే కోట చుట్టూ ఖాళీగా ఉంచిన నేల, దాని సరిహద్దు స్తంభం. ఆరు స్తంభాల్లో మిగిలింది అదొక్కటే. అక్కడి నుంచి ఆర్మీనియన్ వీధి. 1772లో కట్టిన ఆ చర్చి గోడ పక్కన నడుస్తుంటే, ప్రపంచంలోనే మొట్టమొదటి ఆర్మీనియన్ పత్రిక 1794లో ఈ ఊళ్లోనే అచ్చయిందని గుర్తొచ్చి ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ వెనకే తంబుచెట్టి వీధి. కాళికాంబాళ్ గుడి ఉన్న వీధి. 1677లో శివాజీ వచ్చి ఆ అమ్మవారిని దర్శించుకున్నాడని చెప్పుకుంటారు. నాకు మాత్రం అది ఆంధ్రపత్రిక వీధి. 1914లో నాగేశ్వరరావు పంతులుగారు దినపత్రికగా మొదలుపెట్టిన ఆ పేపరు మా తాతగారింటికి వచ్చేది. దాని మీద ఉండే ఈ వీధి చిరునామా మా అమ్మకి కంఠతా వచ్చు.

ఇక ప్రకాశం సాలై. అందరూ ఇప్పటికీ బ్రాడ్‌వే అనే అంటారు. 1928లో సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో ఈ చుట్టుపక్కలే టంగుటూరి ప్రకాశంగారు పోలీసు తుపాకీకి గుండె చూపించారు. అది దాటి దేవరాజ ముదలి వీధిలోకి వస్తే చెన్నకేశవుడు, చెన్నమల్లీశ్వరుడు పక్కపక్కనే ఉంటారు. ఆ దేవుళ్లు మొదట ఉన్నది ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట. కంపెనీవాళ్లు 18వ శతాబ్దంలో కోట చుట్టూ నేల ఖాళీగా ఉండాలని పాత గుడి తీయించేశాక, ఇక్కడ వేరే చోటు చూసి ఈ రెండు గుళ్లూ కట్టారు. అంటే నేను పొద్దున బయల్దేరిన చోటి నుంచి ఆ దేవుళ్లు నడిచొచ్చిన దారినే నేనూ నడిచొస్తున్నాను. పిల్లలకి ఇరవై ఏళ్లు చరిత్ర చెప్పాను. ఇలా కాళ్లతో తెలుసుకున్నది ఏ పాఠంలోనూ చెప్పలేకపోయాను.

అక్కడితో ఆగిపోతాను. మూడేళ్లలో ప్రతిసారీ అక్కడితోనే ఆగిపోయాను.

ఎందుకంటే అప్పటికి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది. ఇంట్లో బయల్దేరి మూడు గంటలు. నాకు బాత్రూమ్‌కి వెళ్లాలి. మీకు ఇలా రాయడానికి మొదటి అర్జీలో సిగ్గుపడ్డాను, 'మౌలిక సదుపాయాలు' అని రాశాను. అందుకే ఎవరికీ అర్థం కాలేదేమో. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆడదానికి మూత్రం వస్తే వెళ్లడానికి ఆ వీధుల్లో ఆదివారం చోటు లేదు.

గుడి వెనక సందులో మీ మరుగుదొడ్డి ఉంది, దాని చోటు అర్జీలో రాశాను. దానికి తాళం. తాళంచెవి పక్క కొట్లో ఉంటుందని గోడ మీద రాసి ఉంది. ఆదివారం ఆ కొట్టు మూసి ఉంటుంది. రెండు వీధుల అవతల ఇంకొకటి ఉంది, అది తెరిచే ఉంటుంది. మగవాళ్ల వైపు దీపం వెలుగుతుంది, ఆడవాళ్ల వైపు లేదు. తలుపుకి లోపల గడియ లేదు. సంచి తగిలించడానికి మేకు లేదు. నేల అంతా తడి.

మంత్రిగారూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. ఇద్దరు ఆడవాళ్లు వెళ్తే ఒకరు లోపలికి పోతే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడతారు, సంచి పట్టుకుంటారు. మేము చిన్నప్పటి నుంచి స్కూళ్లలో, పెళ్లిళ్లలో, బస్టాండుల్లో అలాగే గడిపాం. ఒంటరిగా వెళ్లినదానికి ఆ తలుపు ఎవరు కాయాలి? సంచిలో ఫోను, డబ్బులు, ఇంటి తాళాలు ఉన్నాయి. దాన్ని తడినేల మీద పెట్టాలా, పళ్లతో పట్టుకోవాలా? నేను ఒకసారి మెడకి తగిలించుకుని, ఒక చేత్తో తలుపు లాగి పట్టుకుని, వణుకుతూ పని కానిచ్చుకుని బయటికొచ్చాను. బయట ఇద్దరు మగవాళ్లు నిలబడి సిగరెట్ కాలుస్తున్నారు. వాళ్లు ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు. అయినా ఆ రోజు ఇంటికొచ్చాక కూడా గుండె దడ తగ్గలేదు. మళ్లీ ఆ లోపలికి వెళ్లలేదు.

ఇక మిగిలింది మెట్రో స్టేషన్‌కి తిరిగి నడవడం. అంటే నడక అక్కడితో సరి. హోటల్లో కాఫీ తాగి అడుగుదామంటే, ఆ చిన్న హోటళ్లలో ఆడవాళ్లకి ఉండదమ్మా అని వాళ్లే మొహమాటపడతారు. గుళ్లో అడగడానికి మనసొప్పదు.

దానికి నేను కనిపెట్టిన ఉపాయం అందరు ఆడవాళ్లూ కనిపెట్టేదే. నీళ్లు తాగడం మానేశాను. శనివారం రాత్రి నుంచే తగ్గించేదాన్ని. మద్రాసు ఎండ సంగతి మీకు తెలుసు, తొమ్మిదింటికే వీపు తడిసిపోతుంది. నీళ్లు లేకుండా ఆ ఎండలో మూడు గంటలు. పోయిన ఏప్రిల్‌లో మంట, జ్వరం, నడుం నొప్పి మొదలైతే డాక్టరమ్మ యూరిన్ ఇన్ఫెక్షన్ అంది. నీళ్లు తాగక, వచ్చినప్పుడు ఆపుకోవడం వల్ల ఇలా అవుతుందని మందలించింది. వారం రోజులు మందులు వాడాను. మా అబ్బాయి, ఇంక ఆ వీధులొద్దమ్మా, ఫోన్లో వీడియోలు చూడు అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

నా ఒక్కదాని బాధే అయితే ఇంత రాయను. రెండు నెలల కిందట చెన్నకేశవుడి గుడి ముందు నెల్లూరు అమ్మాయి ఒకతె కలిసింది. ఉద్యోగం పరీక్ష రాయడానికి వచ్చి, ఒక రోజు మిగిలితే పాత పట్నం చూద్దామని ఒక్కతే ఫోన్లో మ్యాప్ పెట్టుకుని బయల్దేరింది. తెలుగు వినపడగానే దగ్గరికొచ్చి, ఆంటీ, ఇక్కడ బాత్రూమ్ ఎక్కడుంది అని అడిగింది. అదే మొదటి మాట. గుడి గురించి కాదు, వీధి గురించి కాదు. నెలసరి రోజులని తర్వాత మెల్లగా చెప్పింది. తాళం చూపించాను. ఇంకొక చోటికి తీసుకెళ్లి తలుపు పట్టుకుని నిలబడ్డాను. లోపల చెత్తబుట్ట కూడా లేదు. ఆ పిల్ల కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది, నా మొహం చూడలేకపోయింది. అంత దూరం నుంచి ధైర్యంగా వచ్చిన పిల్ల. కందకోట్టం మురుగన్ గుడి చూడాలని, తంగసాలైలో, అదే మింట్ వీధిలో, నడవాలని రాసుకొచ్చింది. ఏదీ చూడకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మీరు వేసిన బోర్డులు ఆమె చదవలేదండీ.

నేను పెద్ద పెద్ద కట్టడాలు అడగడం లేదు. తాళం తీయించండి. ఆదివారం కూడా తీయించండి, ఎందుకంటే నడిచేవాళ్లు వచ్చేది ఆదివారమే. లోపల గడియ, ఒక బల్బు, గోడకి ఒక మేకు, ఒక మూత ఉన్న బుట్ట. అక్కడ ఒక ఆడమనిషికి జీతమిచ్చి కూర్చోబెట్టండి, ఐదు రూపాయలైనా పది రూపాయలైనా సంతోషంగా ఇస్తాం. అది ఎక్కడుందో మీ చరిత్ర బోర్డుల కిందే ఒక బాణం గుర్తు వేయించండి, ఏ భాషలో రాసినా సరే. అన్నిటికన్నా ముందు ఆ తాళం తీయించండి. దయచేసి ఇంకొక వీధి ఫొటో పంపవద్దు.

మింట్ క్లాక్ టవర్ దాకా నడవాలని నా కోరిక. దేవరాజ ముదలి వీధి నుంచి తంగసాలై పట్టుకుని ఉత్తరానికి పోతే చాలు, కాళ్లలో ఓపిక కూడా ఉంది. మోకాళ్లు ఇంకో నాలుగేళ్లు సహకరిస్తాయేమో. ఆ తర్వాత తీయించినా నాకు ఉపయోగం లేదు.

ఆ నెల్లూరు అమ్మాయి పోయిన వారం మెసేజ్ పెట్టింది. ఉద్యోగం వచ్చిందట. సంక్రాంతి అయ్యాక వాళ్ల అమ్మను తీసుకుని మళ్లీ వస్తుందట, మల్లీశ్వరుడి గుడి చూపిస్తారా ఆంటీ అని అడిగింది. వాళ్ల అమ్మగారికి షుగరు. గంటకోసారైనా వెళ్లాలి. ఆ మెసేజ్‌కి నేనింకా జవాబు రాయలేదు. రమ్మని రాయమంటారా, వద్దని రాయమంటారా? మీరు చెప్పేదాకా ఆగుతాను.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న
పెరంబూరు వాసి, రిటైర్డ్ టీచరు