మన సంఘం వార్షిక నివేదిక: కొత్తగా చేరిన ఒక పాప గురించి

సభ్యులందరికీ నమస్కారం.

ఇంతకాలం మన సంఘంలో ఉన్నవన్నీ తలసీమియా అనే రక్తజబ్బు ఉన్న పిల్లల కుటుంబాలే. ఈ జూన్‌లో గోదావరి వైనతేయ పాయ పక్కనున్న ఒక లంక గ్రామం నుంచి నాలుగు నెలల పాపను ఎత్తుకుని తల్లిదండ్రులు వచ్చారు. పాపది డైమండ్-బ్లాక్‌ఫ్యాన్ అనీమియా. 1938లో దీన్ని వివరించిన ఇద్దరు అమెరికా వైద్యుల పేర్లే జబ్బుకు స్థిరపడ్డాయి. పది లక్షల మంది శిశువుల్లో ఐదు నుంచి ఏడుగురికి వస్తుంది.

తలసీమియాలో ఎర్రకణాలు పుడతాయి గానీ నిలవవు. ఈ జబ్బులో మూలుగ వాటిని తయారు చేయడమే దాదాపు మానేస్తుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు సాధారణంగా మామూలుగానే ఉంటాయి. అందుకే పాపకు నెలనెలా రక్తం ఎక్కించాలి. బిడ్డ పాలిపోయిందని బంధువులు ఐరన్ టానిక్ పట్టించమన్నారట. దయచేసి ఎవరూ అలా చెప్పకండి. ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ లోపలికి చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. ఆ ఐరన్ దించే మందులతో పడే అవస్థ మన పాత సభ్యులకు తెలిసిందే.

తండ్రి, మేనమామలు రక్తమిస్తామని ముందుకొచ్చారు. డాక్టర్లు వద్దన్నారు. రేపు మూలుగ మార్పిడి చేయవలసి వస్తే, ముందే సొంతవాళ్ల రక్తం ఎక్కి ఉండడం వల్ల అది నిలవకపోయే ప్రమాదం పెరుగుతుందట. ఆ మాట విని తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. కన్నబిడ్డకు రక్తమిచ్చే వీలు కూడా లేదని తెలిసిన ఆ మనిషిని చూసినవాళ్లం, ఆ బాధ్యత మనదేనని అనుకున్నాం. ఆగస్టు వరదలో కాజ్‌వే మునిగినప్పుడు మన యువ సభ్యులు తల్లీబిడ్డలను పడవలో దాటించి, అనుకున్న రోజుకే ఆసుపత్రికి చేర్చారు. వారికి కార్యవర్గం చేతులెత్తి నమస్కరిస్తోంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్తజబ్బులు ఉన్నాయి, ఈ జబ్బు పేరు లేదు. నెలనెలా రక్తం మీద బతికే బిడ్డకు ఇది అన్యాయం. చేర్చాలని కోరుతూ వినతిపత్రం పంపడానికి తీర్మానించాం.

రక్తదాన శిబిరాలు యథావిధిగా జరిగాయి. కాలేజీల సెలవుల వల్ల వేసవిలో దాతలు తగ్గారు. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదువుతాం.

ఫిబ్రవరిలో పాపకు ఏడాది నిండుతుంది. అప్పుడు స్టెరాయిడ్ మందు మొదలుపెడతారు. మొదట్లో వందలో సుమారు 80 మందికి అది పనిచేస్తుంది. అందాకా రక్తమే ఆధారం. పాపది బి నెగటివ్. ఆ గ్రూపు వారు చివరిసారి రక్తమిచ్చిన తేదీని కార్యదర్శికి తెలపండి. మగవారికి మూడు నెలలు, ఆడవారికి నాలుగు నెలలు ఎడం ఉండాలి.