లావోస్‌లో నదే దారి. ఆ దారి గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో లావోస్ పర్యటన గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వియంటియాన్‌లో దిగి, రైలెక్కి రెండు గంటల్లోపే లువాంగ్ ప్రబాంగ్ చేరి, అక్కడి ఆలయాలూ జలపాతమూ చూసుకుని నాలుగో రోజుకల్లా తిరుగు విమానం అందుకోవచ్చునని, బస్సులూ పడవలూ పట్టుకుని తిరిగితే రోజులు వృథా అవుతాయని వ్యాసకర్త పాఠకులకు సలహా ఇచ్చారు. వ్యాసంలోని వివరాలలో నాకు తప్పేమీ కనిపించలేదు. అయితే రోజులు వృథా అన్న మాట దగ్గర మాత్రం ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విరమించినవాణ్ణి. ఒక జనవరిలో నేనూ నా భార్యా మూడు వారాలపాటు ఉత్తర లావోస్‌లోని చిన్న పట్టణాల మధ్య ఊరి బస్సుల్లోనూ పడవల్లోనూ తిరిగాము. ఆ దేశానికి సముద్రం లేదు. చైనా, వియత్నాం, కంబోడియా, థాయిలాండ్, మయన్మార్ అనే అయిదు దేశాలు దాన్ని చుట్టుముట్టి ఉన్నాయి. ఉత్తరాన ఎటు చూసినా కొండలే కావడంతో మంచి రోడ్లు పడేదాకా మనుషులకైనా సరుకులకైనా నదే దారి. ఈ సంగతి ఊళ్ల పేర్లే చెబుతాయి. లావో భాషలో ‘పాక్’ అంటే నోరు, ‘నామ్’ అంటే నీరు. బెంగ్ నది పెద్ద నది అయిన మెకాంగ్‌లో కలిసే చోట పాక్‌బెంగ్, ఊ నది కలిసే చోట పాక్ ఊ, దక్షిణాన సే దోన్ నది కలిసే చోట పాక్సే. ఉపనది వచ్చి పెద్ద నదిలో కలిసిన ప్రతి చోటా ఒక రేవు, రేవును ఆనుకుని ఒక సంత, సంత చుట్టూ ఒక పట్టణం. రైల్లో వెళ్లేవారికి ఈ అల్లిక కనిపించే అవకాశం లేదు. 2021 డిసెంబరు 3న మొదలైన ఆ రైలుమార్గం చైనా సరిహద్దు నుంచి వియంటియాన్ దాకా నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. అందులో దాదాపు సగం సొరంగాల్లోనే సాగుతుంది. కిటికీ పక్కన కూర్చున్నా చాలాసేపు చూడగలిగేది చీకటినే.

పడవ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. థాయిలాండ్ సరిహద్దున ఉన్న హువే సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్ వరకు మెకాంగ్ నదిమీద సుమారు 300 కిలోమీటర్లు. రెండు రోజుల ప్రయాణం. రాత్రి పాక్‌బెంగ్‌లో మజిలీ. పడవ కొయ్యది, పొడవైనది, వెడల్పు తక్కువ. పాత వ్యానుల్లోంచి ఊడదీసిన సీట్లను నేలకు బిగించకుండానే రెండు వరుసలుగా పేర్చి ఉంచారు. సరంగు ముందు భాగాన చుక్కాని చక్రం పట్టుకుని కూర్చుంటాడు. ఇంజను వెనుక ఉంటుంది. దాన్ని ఆనుకుని ఉన్న చిన్న గదే సరంగు కుటుంబానికి ఇల్లు. పొయ్యీ, పరుపులూ, ఆరేసిన పిల్లల బట్టలూ అన్నీ అక్కడే. కాసేపు కుడివైపు ఒడ్డు థాయిలాండ్‌ది, ఎడమవైపు ఒడ్డు లావోస్‌ది. ఆ తరువాత నది సరిహద్దును వదిలి లావోస్ కొండల్లోకి మళ్లుతుంది. అక్కడి నుంచి రెండు ఒడ్లూ ఒకే దేశానివి.

జనవరిలో నీరు తగ్గి ఉంటుంది. వానాకాలంలో మునిగి ఉండే నల్లటి బండలు నది మధ్యలో పళ్లలా బయటికి వచ్చి ఉంటాయి. వాటి మధ్యన సరంగు ఒకసారి ఎడమ ఒడ్డు వారగా, మరోసారి కుడి ఒడ్డు వారగా పడవను పోనిస్తూ ఉంటే ఆ మలుపులకు కారణమేమిటో నాకు మొదట అర్థం కాలేదు. గంటసేపు అతని చూపును గమనించాక తెలిసింది: అతను చూస్తున్నది బండల్ని కాదు, నీటి మీది ముడతల్ని. ముడత ఎక్కడ విరుగుతుందో అక్కడ లోపల రాయి ఉంది. నీరు ఎక్కడ నూనెలా నున్నగా సాగుతుందో అక్కడ లోతు ఉంది. ఉద్యోగ జీవితమంతా నీటి మట్టాలు కొలిచే పనిలోనే గడిపినవాణ్ణి కదా, ఏ పరికరమూ లేకుండా అంత కచ్చితంగా నదిని చదివే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

దారిలో రేవు కట్టని పల్లెలు చాలా వస్తాయి. పడవ మూతిని ఇసుకలోకి గుచ్చి ఆపుతారు. ముందున్న కుర్రవాడు వెదురు గడతో దాన్ని నిలబెడతాడు. దిగవలసినవాళ్లు సిమెంటు బస్తాలు, బియ్యం, ప్లాస్టిక్ కుర్చీలు దింపుకుంటారు. ఒక పల్లెలో ఒక ముసలాయన కొత్త కుట్టు మిషనును భుజాన వేసుకుని నిటారుగా ఉన్న ఇసుక గట్టు ఎక్కి వెళ్లిపోయాడు. మేము విహారానికి ఎక్కిన పడవ వాళ్లకు ఊరి బస్సు. నీరు తీసిన ఒడ్లమీద వేరుశనగ, కూరగాయల మళ్లు పచ్చగా కనిపిస్తాయి. వానలకు నది మళ్లీ ఆ నేలను ముంచి కొత్త ఒండ్రు వేసి పోతుంది గనుక అవి ఎరువు అడగని మళ్లు.

బస్సుల గురించి ఎక్కువ చెప్పను. ఉదోమ్‌సాయ్ నుంచి నోంగ్ ఖియావ్ వెళ్లే బస్సులో నడవ నిండా బియ్యం బస్తాలు, వాటి మీద మనుషులు, టాపు మీద తాళ్లతో కట్టిన మోటారు సైకిలు. బస్సు కదలకముందే కండక్టరు అందరికీ ఒక్కో ప్లాస్టిక్ సంచి పంచాడు. అది దేనికో మొదటి ఘాట్‌రోడ్డు మలుపులోనే తెలిసింది. నా భార్యకు కళ్లు తిరుగుతుంటే పక్కన కూర్చున్న పెద్దావిడ తన వెదురు బుట్టలోంచి ఒక ముద్ద జిగురన్నం తీసి చేతిలో పెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా దిగేవరకు ఆవిడ నా భార్య చెయ్యి వదలలేదు.

అసలు నేను చెప్పదలచుకున్నది నోంగ్ ఖియావ్‌లో మొదలవుతుంది. ఆ పట్టణం నామ్ ఊ నది ఒడ్డున, నిలువుగా లేచిన సున్నపురాయి కొండల నడుమ ఉంది. అక్కడి నుంచి గంటసేపు ఎగువకు పడవలో వెళితే మువాంగ్ న్గోయ్ వస్తుంది. కొన్నేళ్ల క్రితం వరకు ఆ ఊరికి పడవ తప్ప మరో దారి లేదు. నామ్ ఊ ఉత్తరాన పోంగ్‌సాలీ కొండల్లో పుట్టి సుమారు 450 కిలోమీటర్లు ప్రవహించి, లువాంగ్ ప్రబాంగ్‌కు ఎగువన, బుద్ధ విగ్రహాలతో నిండిన పాక్ ఊ గుహల ఎదుట మెకాంగ్‌లో కలుస్తుంది. ఒకప్పుడు పోంగ్‌సాలీ వైపు నుంచి ఈ నదిమీదనే ఊరూరా ఆగుతూ లువాంగ్ ప్రబాంగ్ దాకా దిగిరావడం ప్రయాణికులందరికీ తెలిసిన దారి. ఇప్పుడు ఆ నదిమీద ఏడు ఆనకట్టలున్నాయి. మొత్తం సామర్థ్యం 1,272 మెగావాట్లు. నది ఏడు చోట్ల తెగింది. పడవ దారి ముక్కలైంది. నోంగ్ ఖియావ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు మేము బస్సులోనే వెళ్లవలసి వచ్చింది. మిగిలిన ముక్కల్లో ఒకటి మేము ఎక్కిన ఆ గంట ప్రయాణం.

ఆ ఒడ్డున ఒక ఉదయం నేను చూసినదాన్ని మరచిపోలేను. అయిదారుగురు ఆడవాళ్లు మోకాటి లోతు నీటిలో నిలబడి బండలకు పట్టిన పచ్చటి నాచును దోసిళ్లతో లాగి, నీటిలో జాడించి, రాళ్లమీద తట్టి ఇసుక వదలగొడుతున్నారు. దాన్ని పలుచగా చాపల మీద పరిచి, పైన నువ్వులూ, వెల్లుల్లీ, టమాటా ముక్కలూ అద్ది ఎండబెడతారు. ‘ఖాయ్‌పేన్’ అని పిలిచే ఈ నాచు అప్పడం లువాంగ్ ప్రబాంగ్ ప్రాంతానికి పేరు తెచ్చిన తినుబండారం. చలికాలంలో నీరు పలచబడి, సూర్యకాంతి అడుగుబండల దాకా చేరినప్పుడే ఆ నాచు పెరుగుతుంది. ఎగువన ఉన్న విద్యుత్కేంద్రం అవసరాన్నిబట్టి నీటిమట్టం రోజుకొక రకంగా లేస్తూ పడుతూ ఉంటే దానికి ఆ ఋతువు దొరకదు. ఒడ్డుమీది వేరుశనగ మడికీ అంతే.

పాఠకులు నన్ను అపార్థం చేసుకోకూడదు. ఆనకట్టల మీద నాకు పగ లేదు. వాటి పనుల్లోనే నా జుట్టు నెరిసింది. లావోస్ పేద దేశం. 1964 నుంచి 1973 వరకు దాని మీద ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు కురిశాయి. నోంగ్ ఖియావ్ దగ్గరి గుహల్లో జనం ఏళ్ల తరబడి తలదాచుకున్నారు. అటువంటి దేశం తనకున్న నీటితో కరెంటు తయారుచేసి పొరుగు దేశాలకు అమ్ముకుంటానంటే కాదనడానికి మనమెవరం? జ్వరంతో ఉన్న బిడ్డను ఆసుపత్రికి చేర్చవలసిన తల్లికి రెండు రోజుల పడవకన్నా రెండు గంటల రైలే మేలు. రైలు వచ్చినందుకు నేనూ సంతోషించాను.

అయినా ఇంజనీరుగా ఒక మాట అనక తప్పదు. లువాంగ్ ప్రబాంగ్ పట్టణానికి సుమారు 25 కిలోమీటర్ల ఎగువన, పెద్ద మెకాంగ్ మీదనే, 1,460 మెగావాట్ల ఆనకట్ట నిర్మాణానికి పూనుకున్నారు. మా పడవ రెండో రోజు సాయంత్రం ఆ పనుల పక్కగానే వచ్చింది. కొండ చర్మం ఒలిచినట్టు ఎర్రగా ఉంది, క్రేన్లు వరుసగా నిలబడి ఉన్నాయి, అంతవరకు కబుర్లాడుకుంటున్న ప్రయాణికులు ఆ రెండు మూడు నిమిషాలూ మాట్లాడలేదు. పాక్‌బెంగ్‌కు ఎగువన 912 మెగావాట్ల మరో ఆనకట్టకు ఒప్పందాలు జరిగాయి. లువాంగ్ ప్రబాంగ్‌కు దిగువన సయాబురిలో 1,285 మెగావాట్ల కేంద్రం 2019 అక్టోబరు నుంచే నడుస్తోంది. దాని కరెంటులో అత్యధిక భాగం థాయిలాండ్‌కే వెళుతుంది. అంటే మీ వ్యాసకర్త వృథా అన్న ఆ రెండు రోజుల దారిమీదే రెండు గోడలు లేవబోతున్నాయన్నమాట.

పడవలకు లాకులు ఉంటాయి కదా అని కొందరు అంటారు. పెద్ద ఆనకట్టల నమూనాల్లో అవి ఉన్న మాట నిజమే. కానీ లాకులు ఎలా పనిచేస్తాయో నాకు తెలుసు. పడవ గదిలోకి రావాలి, తలుపులు మూయాలి, నీరు ఎక్కించాలి లేదా దించాలి, అవతలి తలుపులు తెరవాలి. వందల టన్నుల సరుకు ఓడకు ఆ ఆలస్యం లెక్కలోనిది కాదు. బస్తాలూ మనుషులూ ఎక్కే కొయ్య పడవకు అది రోజు సంపాదన. పైగా లాకు పడవను దాటిస్తుంది గాని ఒండ్రును దాటించలేదు. ఎప్పుడూ బురద రంగులో ఉండే మెకాంగ్ 2019 చివరిలో థాయిలాండ్, లావోస్ సరిహద్దు పొడవునా నీలంగా మారింది. ఆ ఫోటోలు చూసినవారు అందంగా ఉందన్నారు. ఒండ్రు లేని నీరు అది. ఆకలిగొన్న నీరు అని మేము అనుకునేవాళ్లం. మోయవలసిన మట్టి చేతిలో లేక తన ఒడ్లనే తినేస్తుంది.

మా సరంగు కొడుకుకు కొద్దిగా ఇంగ్లీషు వచ్చు. ఆనకట్ట పూర్తయ్యాక మీ నాన్న ఏం చేస్తాడని అడిగాను. ఆ కుర్రవాడు చాలాసేపు నీటివైపు చూసి, నాన్నకు ఈ నీళ్లు తెలుసు, చెరువు తెలియదు అన్నాడు. జలాశయంలో ముడతలు ఉండవు. బండలన్నీ అడుగున పడిపోతాయి. ముప్పై ఏళ్లు కష్టపడి నేర్చుకున్న విద్య అక్కడ ఎందుకూ కొరగాదు. నా దగ్గర అతనికి ఇవ్వదగిన జవాబు లేకపోయింది.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. లావోస్ మీద మళ్లీ రాసినప్పుడు రైలు వేళలతోపాటు హువే సాయ్ పడవ గురించీ, నోంగ్ ఖియావ్ రేవు గురించీ, ఊరి బస్సుల గురించీ రాయించండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వానలుండవు, ఎండ తక్కువ. నదిమీద చలికి ఒక దుప్పటి మాత్రం తప్పనిసరి. ఆరు గంటల్లో చేర్చే వేగపు పడవలు ఎక్కవద్దని గట్టిగా హెచ్చరించండి. బండల మధ్య ఆ వేగం ప్రాణాంతకం, వాటిలో ప్రయాణికులకు హెల్మెట్లు పెట్టేది ఊరికే కాదు. 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న లువాంగ్ ప్రబాంగ్ గురించి రాసినప్పుడు, ఆ పట్టణానికి ఎగువన కట్టే గోడ గురించి యునెస్కో వ్యక్తం చేసిన ఆందోళనను కూడా ఒక పేరాలో చెప్పండి. మీ విలేఖరిని ఎవరినైనా పంపగలిగితే, పాక్‌బెంగ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్ వరకు రెండో రోజు ప్రయాణంలో పడవ ముందు భాగాన, సరంగు పక్కన కూర్చోమని చెప్పండి. ఇంజను చప్పుడు అక్కడ తక్కువ. సరంగు ముడతలు ఎలా చదువుతాడో గంటలో తెలుస్తుంది.

భవదీయుడు,
మీ పత్రిక పాతికేళ్ల పాఠకుడు