శ్రావణం ఫోటో చూపించి వైశాఖంలో అరకు రైలెక్కించారు: సీజన్ రుసుము వాపసు కోరుతూ ఫిర్యాదు

విజయనగరం,
మే 27.

మేనేజర్ గారికి,
విజయనగరం శాఖ.

విషయం: మీ ‘జలపాతాల రైలు యాత్ర’ ప్యాకేజీలో కాలం గురించి తప్పుడు సమాచారం ఇవ్వడం, మే నెలకు ‘సీజన్ అదనపు రుసుము’ వసూలు చేయడం గురించి.

అయ్యా,

ఈ నెల రెండో శనివారం మీ సంస్థ ద్వారా మా ఇంటి నుంచి ఐదుగురం అరకు వెళ్లి వచ్చాం. డెబ్బై తొమ్మిదేళ్ల మా అమ్మ, నేను, మా అక్క, అక్క మనవలు ఇద్దరు. తలకు 4,900 రూపాయల చొప్పున 24,500 రూపాయలు నెల ముందే చెల్లించాను. రైలు వేళకు కదిలింది, పైకప్పు కూడా అద్దమే ఉన్న అద్దాల పెట్టెలో మా సీట్లు మాకు దొరికాయి, మధ్యాహ్నం భోజనం బాగుంది, బస్సు డ్రైవరు మా అమ్మను చెయ్యి పట్టుకుని దించాడు. వీటిలో వేటి మీదా నాకు ఫిర్యాదు లేదు. మీరు మాకు అమ్మిన కాలం గురించే ఈ ఉత్తరం.

మీ కరపత్రం మొదటి పేజీలో ఒక బొమ్మ ఉంది. ఎడమ పక్క కొండ మీద నుంచి పాలధారలా దూకుతున్న జలపాతం, కుడి పక్క కనుచూపు మేర విరగబూసిన వలిసె (నూనెగింజల పంట) చేలు, రెండింటి మధ్య నుంచి వెళ్తున్న రైలు. కింద ‘ఏ నెలలో వచ్చినా ఇదే అందం’ అని రాశారు. జలపాతం అంత నిండుగా దూకేది శ్రావణ భాద్రపదాల్లో. వలిసెలు అలా పసుపు ఆరబోసినట్టు పూసేది నవంబరు, డిసెంబరుల్లో. రెండు కాలాలను ఒకే బొమ్మలో అతికించి, దాన్ని మూడో కాలంలో మాకు అమ్మారు. ఈ విద్య చేతనైన మీ కంప్యూటర్ మనిషిని మెచ్చుకోకుండా ఉండలేను.

ఆ బొమ్మ ఒక్కటే అయితే నా తెలివితక్కువతనం అనుకుని ఊరుకునేదాన్ని. కానీ నేను అడిగాను. ఏప్రిల్ 9న మీ కార్యాలయానికి ఫోను చేసి, ‘వేసవిలో ఆ దారిలో నీళ్లుండవు కదా, ఆగస్టు చివర్లో వెళ్తే మంచిది కాదా?’ అని స్పష్టంగానే అడిగాను. ఫోనెత్తిన అబ్బాయి చెప్పిన జవాబు ఇది: ‘ఆగస్టులో కొండచరియలు పడి రైళ్లు రద్దవుతాయి మేడమ్. ఈసారి వేసవి వానలు బాగా పడ్డాయి, జలపాతాలన్నీ పారుతున్నాయి, గతవారం మా వాళ్లు తీసిన ఫోటో పంపిస్తాను చూడండి.’ అన్నట్టే వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. ఆకుపచ్చని కొండ, నురగలు కక్కుతున్న నీళ్లు. పిల్లలకు సెలవులు కూడా కలిసి వస్తున్నాయని ఆ సాయంత్రమే డబ్బు కట్టేశాను. యాత్ర నుంచి తిరిగి వచ్చాక, జూమ్ చేసి చూస్తే ఆ ఫోటోలో రైలు తలుపు దగ్గర నిలబడిన ముగ్గురూ వానకోట్లు వేసుకుని ఉన్నారు.

ఆ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, నన్ను పడగొట్టింది కూడా ఆ సగమే. వానాకాలంలో ఆ మార్గంలో బండలు జారడం, రైళ్లు ఆగిపోవడం నాకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. మా నాన్న కొత్తవలస–కిరండూల్ మార్గంలో పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌గా చేరి అక్కడే రిటైర్ అయ్యారు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన దారి అది. మొత్తం మీద 58 సొరంగాలు. బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెట్టి శిమిలిగూడకు వచ్చేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. వానాకాలం వస్తే మా నాన్నకు రాత్రి గస్తీ ఉండేది. చేతిలో లాంతరు, భుజాన సంచి, సంచిలో పటాకాలు. బండ జారితే పరుగెత్తుకెళ్లి వాటిని పట్టాలకు కట్టాలి. ఇంజన్ చక్రం కింద పడి పేలితే ఆ చప్పుడుకు డ్రైవరు బండి ఆపుతాడు. ఆయన తెల్లవారి ఇల్లు చేరేదాకా అమ్మ నిద్రపోయేది కాదు. అందుకే ‘ఆగస్టులో ప్రమాదం’ అనే మాట వినగానే నా నోరు మూతపడింది. మిగతా సగాన్ని పరీక్షించాలని తోచలేదు.

ఇక ఆ రోజు సంగతి. విజయనగరంలో తెల్లవారుజామున మూడున్నరకు బస్సెక్కించారు. అదే రైలు కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా మన జిల్లాలోంచే వెళ్తుంది. అయినా విశాఖ దాకా తీసుకెళ్లి, అక్కడ ఎక్కించి, మళ్లీ మన ఊళ్ల మీదుగానే తీసుకొచ్చారు. అద్దాల పెట్టెలో సీటు కావాలంటే అంతే అన్నారు, సరే.

లక్కవరపుకోట దగ్గరికే ఎండ పెట్టె కప్పు మీదకు ఎక్కింది. ఎస్.కోట దాటేటప్పటికి పైఅద్దానికి జనం తువ్వాళ్లు అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ పెట్టెదీ తప్పు కాదు, ఎండదీ తప్పు కాదు. ఆకాశం చూడటానికి కట్టిన కప్పు కింద మే నెల ఆకాశాన్ని భరించడం మనుషుల వల్ల కాలేదు, అంతే. శివలింగపురం నుంచి త్యాడ, చిమిడిపల్లి దాకా కొండలు ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. ఆకు రాల్చిన చెట్ల మధ్య నుంచి బండలు బయటపడి కనిపించాయి. మీరు పంపిన గైడు పాపం, లేచి నిలబడి ‘కుడివైపు చూడండి, ఇక్కడే పెద్ద జలపాతం’ అన్నాడు. అందరం కుడివైపు తిరిగాం. కొండ మీద నుంచి కిందిదాకా ఒక నల్లటి చార ఉంది, నీళ్లు జారిన గుర్తు. నాలుగోసారి అలాగే జరిగాక అతను ఫోను తీసి, వానాకాలంలో అవే జలపాతాలు ఎలా ఉంటాయో వీడియో పెట్టి సీటు సీటుకూ తిరిగి చూపించాడు. అక్క పెద్ద మనవడు, ‘ఇది ఇంట్లోనే చూడొచ్చు కదా అమ్మమ్మా’ అన్నాడు. ఆ పిల్లలకు నచ్చినవి సొరంగాలు. చీకట్లోకి వెళ్లగానే పెట్టె మొత్తం అరుపులు, చల్లగాలి. సొరంగాలకు సీజన్ లేకపోబట్టి ఆ రోజు కాస్త నిలబడింది.

మా అమ్మ ఈ యాత్రకు వచ్చింది ఒకే ఒక్క చోటు కోసం. శివలింగపురం దగ్గర మేం ఉన్న క్వార్టరు ఎదురుగా, పట్టాల అవతల, ఒక చిన్న జలపాతం ఉండేది. దానికి పేరు లేదు. వానాకాలంలో ఆ చప్పుడుకు ఇంట్లో మాటలు వినిపించేవి కావు, గట్టిగా మాట్లాడటం మా ఇంటిల్లిపాదికీ అక్కడే అలవాటైంది. నాన్న పోయాక ఆ చోటు ఒకసారి చూడాలని అమ్మ చాలా ఏళ్లుగా అంటూ ఉంది. రైలు అక్కడికి వచ్చేసరికి నేను కిటికీ వైపు చూపించాను. అక్కడా నల్లటి చారే. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి, ‘వైశాఖంలో నీళ్లెక్కడివే? ఎండాకాలం అదే గెడ్డలో చెలమ తవ్వి, గుడ్డ వడకట్టి బిందె నింపుకొచ్చేవాళ్లం కదా. నువ్వే కదూ బిందె మోసింది’ అంది.

మేనేజర్ గారూ, ఆ మాట నిజం. ఆ నీళ్లు మోసింది నేనే. ఆ సంగతి తెలిసిన నాకు మీరు మే నెలలో జలపాతం అమ్మగలిగారు.

రసీదు చూస్తే ఇంకొక విచిత్రం కనిపించింది. 4,900లో 900 రూపాయలు ‘సీజన్ అదనపు రుసుము’ అని విడిగా వేశారు. ఏ సీజన్? బడి సెలవుల సీజన్ అయితే ఆ మాటే రాయవలసింది. జలపాతాల యాత్ర అనే పేరు కింద ‘సీజన్’ అని రాస్తే చదివేవారు జలపాతాల సీజన్ అనే అనుకుంటారు. దీనికి తోడు బొర్రా గుహల దగ్గర జలపాతం చూపిస్తామని జీపుకు తలకు 350 తీసుకున్నారు. జీపు దిగి నడిస్తే, అక్కడ బండ మీద తడి ఉంది. ధార అనడానికి మనసు ఒప్పలేదు.

మే నెలలో అరకు వెళ్లకూడదని నేను అనడం లేదు. విజయనగరంలో ఉక్కపోత భరించలేని రోజున ఆ ఎత్తుకు వెళ్తే ప్రాణం లేచి వస్తుంది. పనసకాయలు ఉంటాయి, మామిళ్లు ఉంటాయి, అదృష్టం ఉంటే సాయంత్రం ఉరుముల వాన ఉంటుంది. బొర్రా గుహల లోపల ఏ నెలలోనైనా చల్లగానే ఉంటుంది. ‘వేసవి చల్లదనం’ అని పేరు పెట్టి అమ్మి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు, అమ్మను ఆ ఎండలో అంత దూరం తీసుకెళ్లేదాన్నీ కాదు. అలాగే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకటి రెండు వానలు పడితే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. మల్లెపూల వాసనే అనిపిస్తుంది. రెండు మూడు రోజుల ముచ్చట అది. దాన్ని మీ కరపత్రంలో ఎక్కడా చెప్పనే లేదు.

జలపాతాల కోసమే వెళ్లేవారికి మీరు చెప్పవలసింది వేరు. జూన్‌లో తొలకరి పడగానే నీళ్లు రావు, ఎండిన కొండ ముందు తాను తాగుతుంది. జూలై సగం దాటాక ధారలు కడతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో నిండుగా ఉంటాయి. కానీ అప్పుడు మబ్బు కొండల మీదే కూర్చుంటుంది, అద్దాల కప్పు నుంచి తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించని రోజులూ ఉంటాయి. రైలు గంటల తరబడి ఆలస్యం కావచ్చు, రద్దూ కావచ్చు. అది ముందే చెప్పి, రద్దయితే డబ్బు ఎలా వెనక్కి ఇస్తారో రాయాలి. ఆగస్టు ప్రమాదమని భయపెట్టి మే నెలకు మళ్లించడం దీనికి జవాబు కాదు.

మా నాన్నను అడిగితే దసరా దాటి కార్తీకం వచ్చే వేళ అనేవారు. అప్పటికి ఎర్రనీళ్లు తేరుకుని తెల్లబడతాయి, ఆకాశం విచ్చుకుంటుంది, కొండ ఇంకా పచ్చగానే ఉంటుంది, అరకు లోయలో వలిసెలు పూతకు వస్తాయి. మీ కరపత్రం బొమ్మకు కాస్త దగ్గరగా ఉండే రోజులు ఏడాదిలో ఏవైనా ఉన్నాయంటే అవే. ఒక్కటే చిక్కు, తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను పలాస వైపు చితక్కొట్టింది. అందుకని ఆ నెలలో టికెట్టు కొనేవారు వాతావరణ శాఖ మాట కూడా వింటూ ఉండాలి. డిసెంబరు, సంక్రాంతి రోజులకు చలి, మంచు ఉంటాయి, డిసెంబరులో వలిసెల పసుపూ ఉంటుంది కానీ నీళ్లు సన్నబడతాయి, జనం మాత్రం ఇసుక వేస్తే రాలనంత.

ఇదంతా మీకు తెలియదని నేను అనుకోవడం లేదు. ఏటా వందల మందిని ఆ దారిలో తీసుకెళ్లే సంస్థకు ఒక గ్యాంగ్‌మన్ కూతురు చెబితే గానీ తెలియదా?

నేను కోరేది ఎక్కువేమీ కాదు. సీజన్ రుసుము ఐదుగురికి 4,500 రూపాయలు, జీపు రుసుము ఐదుగురికి 1,750 రూపాయలు, కలిపి 6,250 రూపాయలు వాపసు ఇవ్వండి. మిగతా డబ్బు అడగను, రైలెక్కాం, తిన్నాం, తిరిగొచ్చాం. మీ కరపత్రం నుంచి ఆ బొమ్మను, ‘ఏ నెలలో వచ్చినా ఇదే అందం’ అన్న మాటను తీసేసి, ఏ నెలలో ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో రాయండి. ‘గతవారం ఫోటో’ అని పంపే ఫోటోలు గతవారానివే అయి ఉండాలని మీ ఉద్యోగులకు చెప్పండి. ఆ అబ్బాయిని ఉద్యోగంలోంచి తీసేయమని మాత్రం అడగడం లేదు. అలా చెప్పమని అతనికి నేర్పింది ఎవరో నాకు తెలియదు గానీ, అతను సొంతంగా కల్పించినట్టు నాకు అనిపించలేదు, జవాబు అంత తడుముకోకుండా వచ్చింది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన మీద ఫిర్యాదు చేయవచ్చు, నేను నివసించే చోటే వేయవచ్చు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము కూడా కట్టనక్కర్లేదు. ఇవన్నీ కనుక్కున్నాకే రాస్తున్నాను. రసీదు నకలు, కరపత్రం, వానకోట్ల ఫోటో, నేను ఆ రోజు రైలు కిటికీ నుంచి తీసిన నాలుగు నల్లచారల ఫోటోలు దీనితో జతచేశాను. వాటి వెనక తేదీలు వేశాను.

కార్తీకంలో అమ్మను మళ్లీ తీసుకెళ్తున్నాను. ఎస్.కోటలో ఎక్కుతాం, మామూలు పెట్టెలో. దయచేసి ఆ నెల ప్యాకేజీ గురించి నా ఫోనుకు సందేశాలు పంపకండి.

ఇట్లు,
మీ రసీదులో ఐదు సీట్లు బుక్ చేసిన ప్రయాణికురాలు,
విజయనగరం.