మూడున్నర మీటర్ల దిగువమెట్ట

బావా,

మొన్న నువ్వు ఫోను చేస్తే "పనిలో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను" అని పెట్టేశాను కదా, కోపం వచ్చే ఉంటుంది. ఆ పని ఏమిటో చెబితే నవ్వుతావు. టీ వడకట్టే జల్లెడతో ఇసుక జల్లిస్తున్నాను. జల్లెడ మా ఆవిడది, అదే, వరసకు మీ చెల్లెలిది. ఇప్పుడది నా సొంతమైంది, ఎందుకంటే దాన్ని మళ్ళీ వంటింట్లో అడుగు పెట్టనివ్వనని ఆవిడ తేల్చి చెప్పింది.

సంగతేమిటంటే, వెనక గదిలో దిగువమెట్ట రైల్వే స్టేషన్ నమూనా కడుతున్నాను. నల్లమల అడవిలోని మన దిగువమెట్టే. పట్టాల మధ్య ఎడం మీటరే ఉండే మీటర్ గేజి రోజులది.

గోడ వారగా మూడున్నర మీటర్ల బల్ల వేయించాను. కొలత 1:87, అంటే అసలుది 87 సెంటీమీటర్లుంటే నాది ఒక సెంటీమీటరు. ఈ కొలతకు బజారులో దొరికే మామూలు పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. అది విదేశాల 1435 మిల్లీమీటర్ల గేజికి కుదురుతుంది గానీ మన 1676 బ్రాడ్ గేజికి చాలదు, 19 దాటాలి. మన మీటర్ గేజికి ఆ తంటా లేదు. 1000ని 87తో భాగించి చూడు, పదకొండున్నర. స్విట్జర్లాండ్ కొండ రైళ్ళలో కొన్ని మీటర్ గేజివే కాబట్టి, వాటి నమూనాల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారవుతాయి. అవే తెప్పించాను. అర మిల్లీమీటరు తేడాను నువ్వు కనిపెట్టగలిగితే నీ కంటి డాక్టరుకు దండ వేస్తాను.

ఇక ఆ ఇసుక. కంభం వెళ్ళినప్పుడు గుండ్లకమ్మ నుంచి సంచిడు తెచ్చాను. కంకర రాయి అరచేతిలో పట్టేంత ఉంటుంది కదా, ఈ లెక్కలో అది ఆవగింజ కంటే చిన్నది కావాలి. జల్లించాక కూడా వెంటనే పోయకూడదు, దాని మీద అయస్కాంతం తిప్పాలి. ఏట్లో ఇసుకలో నల్లటి ఇనుప రజను ఉంటుంది. అది లేచి ఇంజను మోటారులో చేరిందంటే అంతే సంగతులు. నేను తిప్పితే అయస్కాంతానికి గడ్డం మొలిచినట్టయింది! తర్వాత గ్రానైటు పొడి కలిపి, స్లీపర్ల మధ్య చిన్న కుంచెతో సర్ది, ఫెవికాల్ నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి సిరంజితో చుక్కలు చుక్కలుగా వదలాలి. సబ్బు లేకపోతే ఆ నీళ్ళు ఇసుక మీద ముత్యాల్లా నిలబడతాయి తప్ప లోపలికి ఇంకవు. ఒక మీటరుకు రెండు సాయంత్రాలు పట్టింది.

కొండ సంగతి అడగకు. సరే, చెబుతాను. థర్మోకోల్ అట్టలు పేర్చి, చాకుతో చెక్కి, నల్లమల వాలు అచ్చంగా తెచ్చాను. అట్టలు ఊడకుండా గట్టిగా ఉండాలని చెప్పులకు వాడే రబ్బరు జిగురు పట్టించి భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి కొండలో గుహలు! ఆ జిగురులోని ద్రావకం థర్మోకోల్‌ను తినేస్తుందని అప్పుడు తెలిసింది. మీ చెల్లెలు చూసి "బొర్రా గుహలు కూడా కడుతున్నారా?" అంది. రెండోసారి బుద్ధిగా ఫెవికాల్‌తోనే అతికించాను.

చెట్ల విషయంలో మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను. అడవిని పచ్చగా చేయాలంటే వేల ఆకులు కావాలి. అందుకని మార్చి నెల ఎంచుకున్నాను. అప్పటికి టేకు ఆకు రాల్చేస్తుంది కదా! రాగి తీగలు మెలిపెట్టి కొమ్మలు విడదీసి బూడిద రంగు పూస్తే టేకు చెట్టు సిద్ధం. కింద పరచడానికి ఎండుటాకులు మిక్సీలో పొడి చేశాను. (మిక్సీ గురించి ఇంట్లో చర్చ ఇంకా నడుస్తోంది.) దొరబావి వంతెన పెట్టలేదేమని అడుగుతావు, తెలుసు. బ్రాడ్ గేజి వచ్చాక దారి మార్చి దాన్ని అడవికి వదిలేశారు, నేను గది చాలక వదిలేశాను.

ఇంజను వైపీ, అంటే మన మీటర్ గేజి ఆవిరి ఇంజను. కొందామంటే దొరకలేదు. పాత చట్రం ఒకటి సంపాదించి, దాని మీద త్రీడీ ప్రింటింగులో చేయించిన ఒళ్ళు కూర్చోబెట్టాను. ముందు నాలుగు, మధ్యన ఆరు పెద్దవి, వెనక రెండు, చక్రాల లెక్క సరిగ్గా వచ్చింది. వంపులో ముందు చక్రాలు అప్పుడప్పుడు పట్టా దిగుతున్నాయి.

స్టేషన్ గదికి బెంగళూరు పెంకు కప్పాను. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో పేరు రాశాను, భూతద్దంతో చూస్తే చదవచ్చు. గంటకు బదులు వేలాడదీసే పట్టా ముక్క కూడా ఉంది, బియ్యపు గింజలో సగం.

అసలు ఉత్తరం ఇందుకే రాస్తున్నాను బావా. ప్లాట్‌ఫారం చివర మామయ్యను, అంటే మీ నాన్నను, నిలబెట్టాలి. రెండు సెంటీమీటర్ల మనిషిని చేశాను. ఆగని గూడ్సుకు టోకెన్, అంటే ముందు లైనులోకి వెళ్ళడానికి డ్రైవరుకు ఇచ్చే అనుమతి గుర్తు, అందించడానికి చెయ్యి పైకెత్తి ఉంటాడు. టోకెన్ తగిలించే బెత్తపు రింగుకు వైరులోని సన్నటి పోగు వంచాను, దాని కింద టోకెన్ ఉండే తోలు సంచికి చుక్కంత మైనం. చెయ్యి కుదిరింది, నిలుచున్న తీరు కూడా కుదిరింది. ఆయన తలకు ఏమి ఉండేదన్నది మాత్రం గుర్తు రావడం లేదు. నాకు ఎర్ర తువ్వాలు చుట్టుకున్నట్టు కనిపిస్తుంది, మీ చెల్లెలేమో రైల్వే టోపీ పెట్టుకునేవారంటుంది. ఆవిడ ఆయనను చూసింది మా పెళ్ళిలో ఒక్కసారే, అయినా వాదిస్తుంది.

ఆ మనిషిని ఇంకా అతికించలేదు, బల్ల మీద అగ్గిపెట్టెలో ఉన్నాడు. అమ్మను అడిగి రాయి. పాత ఫోటో ఉంటే మరీ మంచిది.

నీ
బావ