క్రాష్ నివేదికలోని పేరు దోషిది కాకపోవచ్చు

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే కారణం ఎలా కనుక్కోవాలో వివరిస్తూ మీ పత్రిక సాంకేతిక పుటలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. క్రాష్ నివేదికలో కనిపించే ఫంక్షన్ (కోడ్ ముక్క) ఏ మాడ్యూల్‌కు (ప్రోగ్రాం భాగానికి) చెందినదో చూసుకుని, ఆ మాడ్యూల్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకుంటే సరిపోతుందన్నది అందులోని ప్రధాన సలహా. చాలా రకాల తప్పులకు ఈ సలహా పనికివస్తుంది. మెమరీ పాడయ్యే తరహా బగ్‌లకు మాత్రం ఇది దారి తప్పిస్తుంది. వైర్‌లెస్ నెట్‌వర్క్ డ్రైవర్ల (కార్డులను నడిపే ప్రోగ్రాంల) విషయంలో మరీనూ. ఆ డ్రైవర్లతోనే రోజూ పని చేసేవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మెమరీ పాడవడమంటే ఒకరు తమది కాని చోట రాయడం. రాసిన క్షణంలో పైకి ఏమీ తెలియదు. ఆ చోటు ఎవరిదో వారు దాన్ని మళ్లీ చదివినప్పుడే సంగతి బయటపడుతుంది, ఈలోపు కొన్ని మైక్రోసెకన్లే గడవవచ్చు, గంటలైనా గడవవచ్చు. ఉదాహరణకు, డిస్కులోని ఫైళ్లను చూసుకునే ఫైల్ సిస్టమ్ తన జాబితాలో అలా పాడైన ఒక పాయింటర్‌ను (మెమరీ చిరునామాను) నమ్ముకుని వెళ్లి, ఆ చిరునామాలో ఏమీ లేకపోవడంతో కుప్పకూలుతుంది. నివేదికలో ఫైల్ సిస్టమ్ పేరు పడుతుంది. చేసినవాడు ఒకడు, పట్టుబడినవాడు ఇంకొకడు. మరునాడు అదే తప్పు మరోచోట పడితే అప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు వస్తుంది. ఒకే యంత్రం నుంచి ఒకదానితో ఒకటి పొంతన లేని నివేదికలు వరుసగా వస్తున్నాయంటే, ఆ పేర్లన్నింటినీ పక్కన పెట్టి మెమరీని ఎవరు పాడు చేస్తున్నారని అడగడం మొదలుపెట్టాలి.

వైర్‌లెస్ కార్డుతో చిక్కేమిటంటే, మెమరీలో రాసేది ప్రాసెసర్ ఒక్కటే కాదు. డ్రైవర్ ముందుగానే కొన్ని బఫర్లు (డేటా పట్టే మెమరీ ముక్కలు) కేటాయించి, వాటి చిరునామాలను డిస్క్రిప్టర్ల వరుస అనే జాబితాలో పెట్టి కార్డుకు అప్పగిస్తుంది. ప్యాకెట్ అందగానే కార్డు ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా డీఎంఏ (డైరెక్ట్ మెమరీ యాక్సెస్) ద్వారా నేరుగా ఆ చిరునామాలో రాసేసి, ఆ తర్వాతే ఇంటరప్ట్ అనే సంకేతంతో ప్రాసెసర్‌కు కబురు పెడుతుంది. యంత్రాన్ని నిద్రావస్థలోకి పంపేటప్పుడో, ఇంటర్‌ఫేస్‌ను ఆపేటప్పుడో, మొరాయించిన కార్డును రీసెట్ చేసేటప్పుడో డ్రైవర్ ఈ బఫర్లను వెనక్కి తీసుకోవలసి వస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆగిపొమ్మని కార్డులోని రిజిస్టర్‌లో (ఆదేశాలు అందుకునే చోట) రాసినంత మాత్రాన కార్డు ఆగినట్టు కాదు. కార్డును ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ బస్ అనే మార్గం మీద ప్రాసెసర్ రాసేసి తన దారిన తాను పోతుంది, ఆ రాత కార్డును చేరేది ఆ తర్వాత. అదే కార్డు నుంచి ఏదైనా రిజిస్టర్‌ను తిరిగి చదివినప్పుడే అది చేరిందన్న భరోసా ఉంటుంది. చేరిన తర్వాత కూడా, సగంలో ఉన్న ప్యాకెట్‌ను పూర్తి చేయడానికి కార్డు కొంత సమయం తీసుకుంటుంది. డీఎంఏ పని ముగిసిందని కార్డే చెప్పేదాకా ఆగి, అప్పుడు ఆ చిరునామాను వాడుకోవడానికి కార్డుకు ఇచ్చిన అనుమతిని (మ్యాపింగ్‌ను) తొలగించి, చివరగా బఫర్‌ను విడుదల చేయాలి. ఈ క్రమం ఒక్క మెట్టు తప్పినా, ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారి ఉత్తరాలు కొత్తగా దిగినవారి గుమ్మంలో పడినట్టు, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ ఇంకెవరికో ఇచ్చేసిన మెమరీలో ప్యాకెట్లు వచ్చి పడతాయి.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏథెరోస్ వైర్‌లెస్ కార్డులను నడిపే ఏథ్9కె డ్రైవర్‌ను వాడినవారిలో చాలామంది, 10 మిల్లీసెకన్లలో డీఎంఏ ఆగలేదన్న అర్థం వచ్చే సందేశాన్ని లాగ్‌లో చూసే ఉంటారు. నెట్ వస్తూనే ఉంది కదా అని దాన్ని వదిలేయడం మామూలే. నా మటుకు నాకు, అలా చెప్పే డ్రైవరే నయం. గడువు దాటగానే కిమ్మనకుండా బఫర్లు విడుదల చేసేసే డ్రైవర్లతోనే అసలు పేచీ.

దోషిని పట్టుకోవడానికి ముందు చూడవలసింది పాడైన చోట ఏమి రాసి ఉన్నదన్నది. డిబగ్ సదుపాయాన్ని ఆన్ చేస్తే, లినక్స్ కెర్నల్‌లో మెమరీని పంచిపెట్టే స్లబ్ అలొకేటర్ విడుదలైన మెమరీని హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) 6బి అని రాసే బైటుతో నింపి ఉంచుతుంది. తర్వాత తనిఖీ చేసినప్పుడు ఆ నింపుడు చెక్కుచెదిరి ఉంటే, పాయిజన్ ఓవర్‌రిటెన్ (నింపుడు మీద ఎవరో రాశారు) అని ప్రకటించి అక్కడున్న బైట్లను ముద్రిస్తుంది. వరుసల కొద్దీ 6బి, 6బి అని సాగుతున్న ఆ ముద్రణ నడుమ 80 00 00 00 అని వచ్చి, వెంటనే ఆరు ఎఫ్‌ఎఫ్‌లు, ఆ తర్వాత ఆరు బైట్ల గుంపు ఒకటి, మళ్లీ అచ్చం అదే గుంపు కనిపించాయనుకోండి. మొదటి 80 బీకన్ ఫ్రేమ్‌కు, అంటే యాక్సెస్ పాయింట్ (వై-ఫై రౌటర్ వంటిది) తన ఉనికిని చాటడానికి పంపే ప్యాకెట్‌కు గుర్తు. ఆరు ఎఫ్‌ఎఫ్‌లు అందరినీ ఉద్దేశించిన చిరునామా. రెండుసార్లు వచ్చిన గుంపు యాక్సెస్ పాయింట్ చిరునామా, ఒకసారి పంపినవారిగా, మరోసారి నెట్‌వర్క్ గుర్తింపుగా. ఇంకాస్త కిందికి వెళితే 64 00 ఉంటుంది. హెక్స్‌లో 64 అంటే 100, బీకన్ల మధ్య విరామానికి సాధారణంగా పెట్టే విలువ. ఒక్కో యూనిట్ 1.024 మిల్లీసెకన్లు కాబట్టి అది 102.4 మిల్లీసెకన్లకు సమానం. అక్కడి నుంచి రెండు బైట్లు దాటితే ఒక సున్నా, ఒక పొడవు, ఆ పక్కనే మామూలు అక్షరాల్లో ఆ నెట్‌వర్క్ పేరు. ఫైల్ సిస్టమ్‌కు గాని, గ్రాఫిక్స్ డ్రైవర్‌కు గాని ఈ వరుసలో బైట్లు రాయవలసిన అవసరం జన్మలో రాదు. ఇది కార్డు చేసిన పని. చుట్టూ యాక్సెస్ పాయింట్లు ఎక్కువగా ఉన్నచోట బగ్ తరచుగా రావడం, ఒక్కటీ లేనిచోట అసలు రాకపోవడం వంటివి కూడా అప్పుడు అర్థమవుతాయి.

కార్డు రాసిందని తేలినా, తప్పు దాని డ్రైవర్‌దేనని చెప్పడానికి వీల్లేదు. 2011, 2012 సంవత్సరాల్లో వచ్చిన మ్యాక్ కంప్యూటర్ల సంగతే చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెట్ నుంచి దించుకునే సౌకర్యం కోసం వాటి ఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందే నడిచే ప్రోగ్రాంలో) పూర్తిస్థాయి నెట్‌వర్క్ వ్యవస్థ ఉండేది. బూట్ అయిన ప్రతిసారీ అది బ్రాడ్‌కామ్ 4331 వైర్‌లెస్ కార్డును మేల్కొలిపి, అధికారం ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించాక కూడా ఆపకుండా వదిలేసేది. లినక్స్ తన పని మొదలుపెట్టి ఆ మెమరీని వాడుకుంటుండగా కార్డు వచ్చిన ప్యాకెట్లను అందులోనే కుమ్మరిస్తూ ఉండేది. లినక్స్‌లో ఆ కార్డుకు డ్రైవర్ లోడ్ అయితేనే ఈ రాత ఆగేది. అంటే డ్రైవర్‌ను అనుమానించి తీసేసినవారికి జబ్బు తగ్గకపోగా ముదిరేది! బూట్ తొలిదశలోనే కార్డును రీసెట్ చేసే మార్పు 2016లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. మీ వ్యాసంలోని సలహాను ఇలాంటి యంత్రం మీద పాటిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రాసెసర్ చేతుల మీదుగా జరిగే పాడు కూడా తక్కువేమీ కాదు. వై-ఫై ఫ్రేమ్‌లో నెట్‌వర్క్ పేరు లాంటి ప్రతి అంశానికీ రకాన్ని చెప్పే ఒక బైటు, పొడవును చెప్పే ఒక బైటు ముందు ఉంటాయి. ఆ పొడవు గాల్లోంచి వచ్చింది, ఎవరైనా ఏదైనా రాసి పంపవచ్చు. దాన్ని సరిచూడకుండా నమ్మినందుకు రియల్‌టెక్ కార్డుల లినక్స్ డ్రైవర్‌లో 2019లో బఫర్ దాటి రాసే లోపం బయటపడింది. 2022లో భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2022-41674గా నమోదైన లోపం మరీ చిన్న చోట దాగింది. ఒక అంశం పొడవుకు 2 కలిపి, వచ్చిన మొత్తాన్ని ఒకే బైటు పట్టే చరరాశిలో దాచారు. పొడవు 254 అయితే మొత్తం 256 కావాలి. బైటులో 255కు మించి పట్టదు గనుక అది సున్నాగా మిగిలింది. దాంతో బఫర్ కేటాయింపులో ఒక లెక్క, కాపీ చేయడంలో మరో లెక్క నడిచి 256 బైట్లు అదనంగా పొంగిపొర్లాయి. చరరాశి రకం మార్చడమే దానికి పరిష్కారం. ఇది ఏ ఒక్క కార్డు డ్రైవర్‌లోనూ లేదు, డ్రైవర్లన్నీ ఆధారపడే ఉమ్మడి పొరలో ఉంది.

ఇలాంటి తప్పులను పట్టడానికి 2015లో 4.0 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చిన కాసాన్ అమోఘమైన సాధనం. ప్రతి 8 బైట్ల మెమరీకి దాన్ని తాకవచ్చో లేదో చెప్పే ఒక నీడ బైటును ఉంచుకుని, ప్రోగ్రాం చేసే ప్రతి చదువునూ ప్రతి రాతనూ దానితో సరిచూస్తుంది. తప్పు జరిగిన క్షణంలోనే పట్టుకుని, ఆ మెమరీని ఎవరు కేటాయించారో, ఎవరు విడుదల చేశారో కూడా చెబుతుంది. అయితే అది చూసేది ప్రాసెసర్ నడిపే కోడ్‌ను మాత్రమే. కార్డు నేరుగా చేసే రాత దాని కంట పడదు. పైగా దీన్ని ఆన్ చేస్తే యంత్రం నెమ్మదించి, మెమరీ అమరిక మారిపోయి, అంతవరకూ గంటకోసారి పలకరించిన బగ్ పత్తా లేకుండా పోవచ్చు. కార్డు రాతలను పట్టడానికి, పరికరాలు ఏ మెమరీని తాకవచ్చో అదుపు చేసే ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ భాగం కావాలి. మ్యాపింగ్ తొలగించిన చిరునామాలో కార్డు రాయబోతే అది అడ్డుకుని ఏ పరికరం, ఏ చిరునామా అన్నది లాగ్‌లో చెబుతుంది. దానికీ హద్దులున్నాయి. అది సాధారణంగా 4096 బైట్ల పేజీలను కొలమానంగా తీసుకుంటుంది కాబట్టి ఒకే పేజీలో పక్కపక్కనే ఉన్న రెండు బఫర్లలో ఒకదాన్ని తీసేసినా రెండోదాని కోసం పేజీ తలుపు తెరిచే ఉంటుంది. వేగం కోసం మ్యాపింగ్ తొలగింపులను కూడబెట్టి ఒకేసారి అమలు చేసే పద్ధతిలోనూ కొంత సందు మిగులుతుంది. బగ్ వేటలో ఉన్నప్పుడు ఆ పద్ధతిని మాని, ప్రతి తొలగింపునూ వెంటనే అమలు చేసే కఠిన పద్ధతిని ఎంచుకోవాలి.

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే ఈ బాధలేవీ ఉండవని మీ వ్యాసం చివర ముక్తాయించింది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నల్‌లో రస్ట్‌కు చోటు దొరికింది, అది మంచిదే. పైన చెప్పిన పొడవుల తప్పులను అది చాలావరకు అరికడుతుంది. కాని పరికరంతో మాట్లాడే సరిహద్దులో, ఇక్కడి భద్రత బాధ్యత నాదేనని ప్రోగ్రామర్ చేవ్రాలు చేయవలసిన భాగం ఆ భాషలోనూ ఉంటుంది. కార్డు ఎప్పుడు ఆగిందో, కోడ్‌ను సరిచూసి యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు తెలియదు.

డ్రైవర్‌ను అన్యాయంగా నిందించిన ఉదంతమూ ఒకటుంది. 2008లో లినక్స్ 2.6.27 పరీక్షా వెర్షన్లతో ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డుల శాశ్వత మెమరీ చెరిగిపోయి, కార్డులు పనికిరాకుండా పోయాయి. అవి వైర్‌లెస్ కావు గాని తరహా ఇదే. అందరి వేళ్లూ డ్రైవర్ వైపే చూపాయి. తుదకు తేలిందేమిటంటే, కెర్నల్ కోడ్‌ను నడుస్తుండగానే దిద్దే ఎఫ్‌ట్రేస్ అన్న సదుపాయం, అప్పటికే విడుదలైపోయిన కోడ్ ఉన్న చిరునామాలో రాసిందని, ఆ చిరునామాకు ఈలోపు కార్డు శాశ్వత మెమరీ వచ్చి చేరిందని. డ్రైవర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి, కొన్నాళ్లు బగ్ కనిపించకపోతే నయమైందని ఫిర్యాదును మూసేసే అలవాటు మా వృత్తిలో బలంగా ఉంది. వెర్షన్ మారితే మెమరీ అమరిక మారుతుంది, ఆ దెబ్బ ఎవరికీ పట్టని ఏ మూలనో పడుతుంది. ఎవరు రాశారో, ఏ వరుసలో రాశారో చూపించలేని పరిష్కారాన్ని పరిష్కారంగా నేను లెక్కించను.

ఆ వ్యాసానికి సవరణ ప్రచురించే వీలుంటే ఈ సంగతి చేర్చవలసిందిగా కోరుతున్నాను. ఇలాంటి క్రాష్‌ను కెర్నల్ అభివృద్ధిదారులకు నివేదించే పాఠకులు ఫంక్షన్ పేరు ఒక్కటే పంపకుండా, పాడైన చోటి బైట్ల ముద్రణ మొత్తాన్ని కత్తిరించకుండా జతచేయాలి. ఐఓఎంఎంయూ ఆన్‌లో ఉందో లేదో, అంతకుముందు యంత్రం నిద్రావస్థ నుంచి లేచిందో, కార్డు రీసెట్ అయిందో రాయాలి. లాగ్‌లో డీఎంఏ ఆగలేదన్న సందేశం ఎంత పాతదైనా సరే దాన్ని తప్పకుండా చేర్చాలి.

ఇట్లు,
నెట్‌వర్క్ డ్రైవర్లు రాసే ఒక పాఠకుడు