బడికి రంగులేశారు సరే, రాతి మీది పేర్లేం పాపం చేశాయి?

సంపాదకులకు నమస్కారం.

సర్కారు బడులకు కొత్త గదులు, కొత్త రంగులు వచ్చిన ఫొటోలు మీ పత్రికలో చూస్తుంటాను, సంతోషమే. సర్కారు బడులు బాగుచేసే నాడు-నేడు పథకం 2019లో మా ఒంగోలులోనే మొదలైంది కాబట్టి మా జిల్లా వాళ్లకి కాస్త గొప్ప కూడా. అయితే మేం చదివిన హైస్కూల్లో ఈమధ్య మరమ్మతులు జరిగినప్పుడు (ఏ పథకం కిందన్నది వదిలేయండి) వరండా గోడకున్న దాతల శిలాఫలకం పీకి పక్కన పడేశారు. ఈ ఉత్తరం దాని గురించే.

మా ఊరికి హైస్కూలు వచ్చింది 1982 జూన్‌లో. అంతకుముందు ఏడో తరగతి దాకానే. ఆపైన చదవాలంటే మగపిల్లలు పక్క ఊరికి సైకిలు తొక్కేవాళ్లు, ఆడపిల్లలు చదువు మానేసి సీజన్లో పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర కూర్చుని కర్రలకు ఆకు కట్టేవాళ్లు. మా అక్క ఏడు ఫస్టు క్లాసులో పాసై కూడా అక్కడే ఆగిపోయింది. నేను ఇవాళ ఉద్యోగం చేస్తున్నానంటే దానికంటే తెలివైనదాన్నని కాదు, బడి ఊళ్లోకొచ్చిన ఏడే నేను ఎనిమిదికి వచ్చాను, అంతే.

బడంటే మూడు గదులు, ఓ వరండా. మేం చేరేటప్పటికి తలుపుల్లేవు, నాపరాళ్లు పరవలేదు, ఇసుకలోనే కూర్చున్నాం. వరండా గచ్చుకి నీళ్లు కొట్టడం మా డ్యూటీ. గోడకి సిమెంటుతో నున్నగా మెత్తిన చదరమే నల్లబల్ల, దానికి దొండాకూ బొగ్గూ కలిపి నూరి పూసేవాళ్లం, అది ఆరకముందే లెక్కల మాస్టారు రాయబోతే సుద్దముక్క జారేది, ఆయన మా వైపు తిరిగి ‘ఎవర్రా ఇవాళ పూసింది’ అనేవారు. పాపం ఆయనా ఎంతోకాలం లేరు. 1983 ఫిబ్రవరిలో ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించేసరికి ఏడాది మధ్యలోనే ఇంటికెళ్లిపోయారు, మా లెక్కలు సగంలో నిలిచాయి. బీజగణితమంటే నాకిప్పటికీ టెన్షనే.

ఆ గదులు సర్కారు డబ్బుతోనే లేవలేదు. ఊళ్లో అందరూ తలా కొంత వేశారు. పొగాకు డబ్బులు రాగానే ఇస్తామని పద్దు రాయించినవాళ్లే ఎక్కువ, అప్పటికింకా మాకు వేలం కేంద్రాలు లేవు, ఆకు తీసుకెళ్లిన షావుకారు ఎప్పుడిస్తే అప్పుడే. అయినా ఇచ్చారు. రాతి మీద పైన అప్పటి పంచాయతీ సమితి ప్రెసిడెంటు గారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద సన్నక్షరాల్లో 116, 58, 25 రూపాయలు, ఒకచోట ‘ఇసుక 12 బండ్లు’, ఇంకోచోట ఒకావిడ పేరు పక్కన ‘వేప మాను 1’. తర్వాత బిగించిన తలుపులన్నీ ఆవిడ దొడ్లోని ఆ మానువే. ఆవిడకి చదువు రాదు, పిల్లల్లేరు. ఆగస్టు 15కి తప్పకుండా వచ్చి బిళ్లలు తీసుకుని, తన పేరెక్కడుందో మా చేత వేలు పెట్టి చూపించుకుని మరీ వెళ్లేది.

ఇప్పుడు టైల్స్‌కి అడ్డమొచ్చిందట ఆ రాయి. పగల్లేదు కాబట్టి సరిపోయింది, సైకిల్ స్టాండు వెనక ఆనించి ఉంది. మంత్రుల పేర్లున్న కొత్త ఫలకానికి మాత్రం చోటు దొరికింది లెండి.

పాత ఫలకాలు జాగ్రత్తగా తీసి, పనయ్యాక తిరిగి బిగించాలని ఎస్టిమేట్‌లోనే ఒక లైను రాస్తే ఇంజినీర్లకు పోయేదేముంది? ఇప్పటికే పగిలిపోయిన ఊళ్లలో, ఆ పేర్లు గుర్తున్న పెద్దవాళ్లు ఉండగానే హెడ్మాస్టర్లు రాయించి పెట్టుకుంటే మంచిది. మా బడికైతే సిమెంటూ మేస్త్రీ కూలీ మేమే పెట్టుకుంటామని మా బ్యాచ్ వాళ్లం వెళ్లి అడిగాం. అనుమతి కావాలంటున్నారు, ఎవరి అనుమతో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మీ విలేకరులు ఆ ఒక్క సంగతి కనుక్కుని రాస్తే మిగతాది మేం చూసుకుంటాం.

– మొదటి బ్యాచ్ విద్యార్థిని,
ప్రకాశం జిల్లా