పచ్చి వెదురు విళ్లు పిల్లల చేతికి ఇవ్వకండి

సంపాదకులకు,

పోయిన వారం మీ క్రీడల పేజీలో ఏజెన్సీ పిల్లలు వెదురు విళ్లతో గురి చూస్తున్న ఫొటో వేశారు. చూసి సంతోషపడ్డాను. కానీ దాని కింద, ఈ పిల్లలు అడవిలోకి వెళ్లి వెదురు నరుక్కొచ్చి గంటలో విల్లు చేసేసుకుంటారని రాశారు. రంపచోడవరం చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో ఇరవై ఆరేళ్లు డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ని, ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. చెక్కడానికి గంట చాలు, ఒప్పుకుంటాను. ఆ వెదురు ఆరడానికి మాత్రం ఆరు నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియని వాళ్లు పిల్లలకు విళ్లు కొనిపెడుతున్నారనే నా బాధ.

పెద్ద పోటీల్లో వాడే రికర్వ్ (కొసలు ముందుకు వంగినవి), కాంపౌండ్ (కప్పీలుండేవి) విళ్లు లక్షల్లో ఉంటాయి. అందుకే మా పిల్లలు 'ఇండియన్ రౌండ్' అనే పోటీతో మొదలుపెడతారు. అందులో వాడేది వెదురు విల్లే. కొన్నేళ్ల క్రితం మా బడికి ఒక సరఫరాదారు నుంచి ఇరవై విళ్లు వచ్చాయి. నిగనిగలాడే వార్నిష్, పిడికి ఎర్ర గుడ్డ, చూడముచ్చటగా ఉన్నాయి. నరికింది వానలు మొదలయ్యాక, వార్నిష్ కొట్టింది తడి ఆరకముందు. దసరా సెలవుల నాటికి సగం విళ్లు నారి విప్పినా నిటారుగా రాలేదు, అలాగే వంగి ఉండిపోయాయి. అలాంటి దాంతో బాణం ముప్పై మీటర్లు పోవడమే గగనం. స్టోర్ రూమ్‌లో గోడకు ఆనించిన వాటి కింద రోజూ పొద్దున్నే తెల్లటి పిండి, జల్లెడ పట్టినట్టు. పుచ్చు పురుగు. ఒకటి మాత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి లాగుతుండగానే ఫట్‌మని విరిగి చెంప మీద గీరింది. కన్ను తప్పింది. ఆ పిల్ల మళ్లీ విల్లు పట్టుకోవడానికి నెల పట్టింది.

ఆ తర్వాతే నేను మా శిష్యుడి తాత దగ్గరికి వెళ్లాను. కొండరెడ్డి పెద్దాయన. "సారూ, మీరు బొంగు తెచ్చుకున్నారు" అని నవ్వాడు. బొంగు చికెన్‌కి కావలసింది లోపల డొల్లగా ఉండే వెదురు. విల్లుకి కావలసింది లోపల దాదాపు గట్టిగా ఉండే సన్న రకం, లాఠీలకు వాడేది. ఆయనతో పొద దగ్గరికి వెళ్తే తెలిసింది, నాకు అన్నీ ఒకేలా కనబడుతున్నాయని. మొదటి ఏడాది గడకి కణుపుల దగ్గర ఇంకా పొర అంటుకుని ఉంటుంది, వేలితో రుద్దితే తెల్లటి పొడి వస్తుంది. దాన్ని ముట్టుకోడు. మూడేళ్లు దాటిన గడ పచ్చదనం మాసి, అక్కడక్కడా బూజు మచ్చలు పడి ఉంటుంది. అదీ ఆయన వెతికేది. పూత పూసిన పొద జోలికి అసలు పోడు. వెదురు బియ్యం ఏరుకుంటారు గానీ ఆ గడలు పెళుసు. నరికేటప్పుడు నేల మీద మొదటి కణుపుకి ఆనించి, దాని పైన కోస్తాడు, మోడులో వాన నీళ్లు నిలవకుండా. మొదటి మూర వదిలేసి, ఆ పైన మనిషెత్తు ముక్క తీసుకుంటాడు.

నరకడం చలికాలంలోనే, అదీ అమావాస్య ముందు. చంద్రుడి సంగతి నేను చెప్పలేను. చలికాలం సంగతి మాత్రం నిజం. వానల్లో కొత్త కొమ్ములు వేయడానికి పొద తన దగ్గరున్న పిండిపదార్థం ఖర్చు పెట్టేస్తుంది, చలికాలానికి అది తగ్గి ఉంటుంది. ఆ పిండి కోసమే పురుగు వస్తుంది. నరికాక గడల్ని వాగులో రాళ్ల కింద మూడు వారాలు తొక్కిపెడతాడు. పైకి తీస్తే ఆ వాసన భరించలేం. మిగిలిన పిండి కూడా ఆ నీళ్లలో పోతుంది.

తర్వాత చీల్చి, బద్దల్ని నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. తొందరపడి మొదటి ఏడాది నాలుగు బద్దల్ని మే నెల ఎండలో డాబా మీద పడేశాను. మూడు రోజుల్లో నాలుగూ కొసల నుంచి జానెడు చీలాయి. పెద్దాయన ఏమీ అనలేదు, ఇంట్లోకి తీసుకెళ్లి పొయ్యి పైన దూలానికి కట్టినవి చూపించాడు. పొగకి బెల్లం రంగు తిరిగి ఉన్నాయి. రెండు తీసి ఒకదానికొకటి కొట్టాడు, టంగ్‌మంది. నా పచ్చి బద్ద ఒకటి తీసుకుని కొడితే దబ్‌మంది. అంతే పాఠం.

నాకు చెవి మీద అంత నమ్మకం లేక కిరాణా కొట్టు త్రాసు వాడాను. ఒక బద్దని ప్రతి ఆదివారం తూచి నోట్‌బుక్‌లో రాశాను. సంక్రాంతికి 640 గ్రాములు. ఉగాదికి 450. మే చివరికి 410 దగ్గర ఆగింది, మూడు వారాలు కదల్లేదు. ఇక చెక్కొచ్చు అన్నమాట. జూలైలో ముసురు పట్టాక మళ్లీ 430కి పాకింది! అందుకే వానల్లో చెక్కవద్దని పెద్దాయన అనేది. చెక్కేటప్పుడు కూడా కత్తి లోపలి వైపే నడవాలి. పై తోలు గురి వైపుకి ఉంటుంది, లాగినప్పుడు సాగేది అదే, దాన్ని గీరితే విల్లు పోయినట్టే. మా బడికి వచ్చిన విళ్లకి అందం కోసం ఆ తోలే గీకేసి వార్నిష్ కొట్టారు.

ఇంకో మాట. ఒకసారి ఆ శిష్యుడు తాత ఇచ్చిన నాలుగు బద్దలు పట్టుకుని బస్సెక్కితే ఒక చెక్‌పోస్టు దగ్గర దింపేసి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. అటవీ హక్కుల చట్టం 2006లోనే వెదురుని చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అడవి బయట పెంచిన వెదురుని భారత అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణతో చెట్ల జాబితా నుంచే తీసేశారు. పెద్దాయన నరికింది తన పోడు గట్టు మీది పొద. పదహారేళ్ల పిల్లాడు ఇవన్నీ చెక్‌పోస్టులో చెప్పగలడా? ప్రతి సెంటర్లో విల్లు పట్టుకున్న సీతారామరాజు విగ్రహానికి దండ వేస్తాం. ఆ విగ్రహం ముందు నుంచే బద్దలు పట్టుకుపోయే పిల్లాణ్ని దొంగలా చూస్తాం.

బడులకు విళ్లు కొనే అధికారులు, దాతలు దయచేసి జూన్‌లో టెండర్ పిలిచి ఆగస్టులో సరుకు అడగవద్దు. కార్తీకంలో ఊళ్లలో పెద్దవాళ్లకి అడ్వాన్స్ ఇచ్చి, మరుసటి వేసవికి తీసుకోండి. అప్పటిదాకా తడి ఆరేందుకు చోటు, కాపలా ఖర్చు కూడా ధరలో కలపండి. వార్నిష్ వద్దు, ఆముదం రాస్తే చాలు. తీసుకునేటప్పుడు నారి విప్పి చూడండి, తూకం వేయండి.

మా ఇంట్లో పొయ్యి లేదు, గ్యాసే. అందుకని ఈ ఏడాది పదకొండు బద్దలు పెద్దాయన పొయ్యి మీదే ఉన్నాయి. మే చివర్లో దించి, విత్తనాలు వేసే ముందు చేసే భూమి పండగకి ముందే చెక్కుతాం. ఫొటో తీయాలంటే మీ విలేకరిని అప్పుడు పంపండి.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, రంపచోడవరం